ప్రోగ్రామర్ లేని ఆఫీసులో స్టాఫే సొంతంగా వెబ్ యాప్‌లు కట్టుకోవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అనంతపురంలో డ్రిప్ పరికరాల డీలర్ ఆఫీసు. ముప్పై మంది దాకా స్టాఫ్, అందులో సగం మంది ఫీల్డులోనే ఉంటారు. రైతుల వివరాలు, సర్వేలు, ఫిర్యాదులు, పైపుల స్టాకు అన్నీ ఎక్సెల్ షీట్లలో ఉన్నాయి. ఆ షీట్లు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి, వాటిలో చివరిది ఏదో ఎవరికీ తెలియదు. సాఫ్ట్‌వేర్ చేసిస్తామన్న బెంగళూరు కంపెనీ రేటు విని ఓనరు వెనక్కి తగ్గారు. ఆఫీసులో ‘కంప్యూటర్ తెలిసినవాడు’ అంటే మీరొక్కరే. స్టాఫే తమకు కావలసిన యాప్‌లు కట్టుకునేలా చేయవచ్చా, ఏ టూల్ (కోడ్ రాయకుండా యాప్ కట్టే సాఫ్ట్‌వేర్) తీసుకోవాలి, ఎవరికి ట్రైనింగ్ ఇప్పించాలి అని మీ ప్రశ్న.

చేయవచ్చు. కర్నూలు, కడప, అనంతపురం వైపు మిల్లులు, పాలిష్ యూనిట్లు, ఎరువుల ఏజెన్సీల్లో నేను చాలాకాలంగా చేస్తున్న పనే ఇది. మీరు టూల్ దగ్గర మొదలుపెట్టారు, నేను మాత్రం ఈ జవాబు సగం దాటాక గానీ దాన్ని ముట్టుకోను. టూల్ బాగాలేక ఆగిపోయిన యాప్‌లు నాకు పెద్దగా తగల్లేదు. షీటు సరిగా లేక, యాప్ ఎవరి అకౌంట్‌లో ఉందో తెలియక మూలపడ్డవే ఎక్కువ.

ఓనరు ‘ప్రోగ్రామర్ లేకుండా ఎట్లా అయితుంది’ అంటే, ఇది కొత్త ప్రయోగం కాదని చెప్పండి. 1979లో ఆపిల్ టూ కంప్యూటర్ మీద విసికాల్క్ అనే లెక్కల షీటు సాఫ్ట్‌వేర్ వచ్చినప్పటి నుంచి లెక్కలు రాసేవాళ్లే కంప్యూటర్‌లో తమ లెక్కలు కట్టుకుంటున్నారు. ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్ రోజుల్లో ప్రోగ్రామింగ్ చదవని గుమస్తాలే స్టాకు రిపోర్టులు తీసుకునేవారు. ఎక్సెల్‌లో వీ-లుకప్ ఫార్ములా రాసి రెండు షీట్లు కలిపే మనిషి మీ ఆఫీసులోనూ ఒకరు ఉండే ఉంటారు. ఆ మనిషి చేస్తున్నది ప్రోగ్రామింగే.

యాప్ ఎవరు కట్టాలి? ఆ రిజిస్టర్ రాసే మనిషి కట్టాలి. మామూలుగా ఆఫీసులో అందరికంటే చురుగ్గా ఫోన్ వాడే కుర్రాడిని పట్టుకొచ్చి కూర్చోబెడతారు. అతను స్క్రీన్లు అందంగా చేస్తాడు గానీ పనిలోని మెలికలు అతనికి తెలియవు. తాడిపత్రి దగ్గర ఒక నాపరాయి పాలిష్ యూనిట్‌లో స్టాకు రాసే ఆమెకు నేర్పించాను. అంతకుముందు వాళ్లు కొన్న సాఫ్ట్‌వేర్‌లో స్టాకు అంటే ఇన్ని బండలు వచ్చాయి, ఇన్ని పోయాయి, అంతే. ఈమె కూర్చున్న వెంటనే అడిగిన ప్రశ్నలు వేరు. పాలిష్‌లో అంచు విరిగిన బండను చిన్న సైజుకు కోస్తే అది పాత లాటులోనే ఉండాలా, కొత్త లాటు అవుతుందా? లారీకి ఎక్కించాక రంగు కలవలేదని నాలుగు బండలు దింపేస్తే వాటిని ఎక్కడ రాయాలి? ఇవన్నీ ఆమె ఏళ్ల తరబడి రిజిస్టర్ అంచున పెన్సిల్‌తో రాసుకుంటున్న సంగతులు. ఏ కొటేషన్‌లోనూ కనిపించవు. మీ దగ్గర ఆ మనిషి ఫిర్యాదుల ఫోన్ ఎత్తే అక్కో, గోడౌన్ చూసే అన్నో అయ్యుంటారు. వాళ్లకు ఇంగ్లీషు రాదని, కంప్యూటర్ అంటే టెన్షన్ పడతారని వదిలేయకండి.

వాళ్లకు మొదట టేబుల్ అంటే ఏమిటో నేర్పండి. స్క్రీన్లు, బటన్లు, రంగులు తర్వాత చూసుకోవచ్చు.

మీ షీటు నేను చూడలేదు గానీ ఊహించగలను. ఒక రైతుకు ఒక వరుస. పేరు, ఊరు, ఫోన్, సర్వే నంబరు, ఎకరాలు, పంట, డ్రిప్ వేసిన తేదీ, ఆ పక్కన ‘ఫిర్యాదు 1’, ‘తేదీ’, ‘ఫిర్యాదు 2’, ‘తేదీ’ అంటూ కుడివైపుకు పాకుతూ పోతుంది. రైతుకు రెండుచోట్ల పొలం ఉంటే ఒకే గడిలో రెండు సర్వే నంబర్లు కామా పెట్టి ఇరికిస్తారు. చీనీ తోటకు వేసిన డ్రిప్ ఏ నంబరులోదో, టమాటాకు వేసింది ఏ నంబరులోదో రాసినవాళ్లకే ఎరుక. మనిషి చదువుకోవడానికి ఇది సరిపోతుంది. కానీ ‘ఈ నెలలో డ్రిప్పర్లు మూసుకుపోయాయన్న ఫిర్యాదులు ఏ మండలం నుంచి ఎక్కువ వచ్చాయి’ అని అడిగితే ఈ షీటు నోరు విప్పదు. దీని మీద ఎంత ఖరీదైన టూల్ పెట్టినా అంతే.

దాన్ని విడగొట్టాలి. రైతులు ఒక టేబుల్. పొలాలు ఒక టేబుల్, ప్రతి పొలం పక్కనా అది ఏ రైతుదో చెప్పే ఐడీ. బిగించిన సిస్టమ్‌లు ఒక టేబుల్: ఏ పొలంలో, ఏ తేదీన, లాటరల్ (మొక్కల వరుస వెంట పరిచే సన్న పైపు) ఎన్ని మీటర్లు, శాండ్ ఫిల్టరా స్క్రీన్ ఫిల్టరా. ఫిర్యాదులు ఒకటి. విజిట్‌లు ఇంకొకటి, ఎందుకంటే ఒకే ఫిర్యాదుకు మీవాళ్లు రెండు మూడుసార్లు వెళ్లాల్సి రావచ్చు. ఒక వరుసలో ఒక సంగతే ఉండాలి. ఈ పని కంప్యూటర్ ఆపేసి, కాగితం మీద, పాత రిజిస్టర్ ముందు పెట్టుకుని చేయించండి. నిజంగా జరిగిన పది ఫిర్యాదులు తీసి, ఒక్కోటి ఈ టేబుళ్లలో ఎక్కడ కూర్చుంటుందో రాయించండి. కూర్చోనిది ఒకటో రెండో తేలతాయి. అక్కడే అసలు చర్చ జరుగుతుంది. ఆ చర్చ అయ్యేదాకా ఎవరినీ టూల్ తెరవనివ్వకండి.

ఐడీగా ఫోన్ నంబరు వాడకండి. తండ్రీ కొడుకులకు ఒకటే నంబరు ఉంటుంది, రీచార్జ్ చేయకపోతే ఏడాదికల్లా అది ఇంకొకరిది కావచ్చు. ఆధార్ నంబరు అసలే వద్దు. మీ ఫిర్యాదుల పనికి అది అక్కర్లేదు, అక్కర్లేనిది దాచుకోవడమంటే ప్రమాదాన్ని దాచుకోవడమే. 1, 2, 3 అని వరుస నంబరు కూడా కుదరదు. సిగ్నల్ లేనిచోట ఇద్దరు ఫీల్డ్ అసిస్టెంట్లు ఒకేసారి ఎంట్రీ వేస్తే ఇద్దరి ఫోన్లూ 418 అనే అంటాయి, సిగ్నల్ వచ్చి డేటా సింక్ అయ్యాక (అంటే ఒకచోట కలిశాక) ఒకటి ఇంకోదాన్ని మింగేస్తుంది. యాప్ తనంతట తాను తయారుచేసే అక్షరాల ఐడీ వాడండి. దాదాపు ప్రతి టూల్‌లోనూ ఆ సదుపాయం ఉంది.

ఇక సర్వే నంబర్ల గొడవ. ఇది మన దగ్గర ప్రతి షీటులోనూ ఉంటుంది. 12-3 అని కొట్టగానే ఎక్సెల్ దాన్ని మార్చి నెల 12వ తేదీ చేసేస్తుంది. 112-2ఎ లాంటివి బతికిపోతాయి, చిన్న నంబర్లే దొరికిపోతాయి. తర్వాత చూసుకుని ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మారిస్తే 46 వేల చిల్లర అంకె ఒకటి కనిపిస్తుంది, అసలు నంబరు తిరిగి రాదు. మనవాళ్ల అజాగ్రత్త అనుకోకండి. జన్యువుల పేర్లు ఎక్సెల్‌లో తేదీలుగా మారిపోతున్నాయని, ఆ పేర్లను ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీ 2020లో కొన్ని జన్యువుల పేర్లే మార్చేసింది. సర్వే నంబర్లు మార్చే వీలు మనకు లేదు కాబట్టి, ఎంట్రీ మొదలుపెట్టకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టాలి. బ్యాంకు ఖాతా నంబర్లకూ ఇదే జాగ్రత్త. ఎక్సెల్ 15 అంకెల దాకానే నమ్మకంగా దాచుకుంటుంది, 16వ అంకెను సున్నా చేసేస్తుంది. పాత షీట్లు కొత్త యాప్‌లోకి పోయకముందు ఈ రెండు కాలమ్‌లనూ ఒక మనిషి పాసుపుస్తకాల జిరాక్సులతో సరిచూడాలి. విసుగు పనే, తప్పదు.

ఊర్లు, మండలాల పేర్లను టైపు చేయనివ్వకండి, జాబితాలోంచి ఎంచుకోనివ్వండి. జిల్లా పేరును ప్రతి రైతు వరుసలోనూ రాయకండి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు ధర్మవరం, కదిరి, పెనుకొండ, హిందూపురం అన్నీ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. మండలాల టేబుల్ విడిగా పెట్టుకున్నవాళ్లు అందులో కొన్ని వరుసలు మార్చారు, పని అయిపోయింది. ప్రతి వరుసలో ‘అనంతపురం’ అని కొట్టుకున్న ఆఫీసుల్లో ఇప్పటికీ రెండు జిల్లాల రిపోర్టులు కలవవు. టేబుళ్లు విడగొట్టడం ఎందుకని స్టాఫ్ అడిగితే నేను చెప్పే ఉదాహరణ ఇదే, వెంటనే అర్థమవుతుంది.

మొదటి యాప్ ఫిర్యాదులది చేయండి. స్టాకుతో మొదలుపెట్టాలని ఓనరు పట్టుబడతారు, ఎందుకంటే డబ్బు అక్కడ ఉంది. అందుకే వద్దంటున్నాను. స్టాకు తప్పితే బిల్లు తప్పుతుంది, బిల్లు తప్పితే జీఎస్టీ తప్పుతుంది. బిల్లింగ్, జీతాలు, జీఎస్టీ టాలీలోనో మీరిప్పుడు వాడుతున్నదాంట్లోనో ఉండనివ్వండి. సబ్సిడీ దరఖాస్తుల సంగతి ఎలాగూ ప్రభుత్వ పోర్టల్ చూసుకుంటుంది. ఫిర్యాదుల్లో ఒకటి తప్పితే రైతు మళ్లీ ఫోన్ చేస్తాడు, దిద్దుకుంటాం. పైగా ఇప్పుడు అది ఎవరి దగ్గరా సరిగా లేదు కాబట్టి కాస్త బాగుపడినా అందరికీ కనిపిస్తుంది.

అందులో ఫిర్యాదు రకం ఒక జాబితా: డ్రిప్పర్లు మూసుకుపోయాయి, లాటరల్ ఎలుకలో ఉడుతలో కొరికాయి, జాయింట్ లీకు, ఫిల్టర్ దగ్గర ప్రెషర్ పడిపోతోంది, ఇతరములు. ‘ఇతరములు’ కింద ఏం రాశారో నెలకోసారి చదవండి. ఒకే మాట పదే పదే వస్తుంటే అది కొత్త రకం, జాబితాలో చేర్చాలి. ఆ మార్పు మీరు చేయకండి, యాప్ కట్టిన అక్కనే చేయనివ్వండి. ‘నా యాప్‌ను నేనే మార్చుకోగలను’ అని ఆమెకు అనిపించాలి. లేకపోతే మీరు ఆ యాప్‌కు కాంట్రాక్టరు అయిపోతారు, ప్రతి చిన్నదానికీ మీ దగ్గరికే వస్తారు.

ఇప్పుడు టూల్. మీ ఆఫీసు మెయిల్ గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఉంటే ఆప్‌షీట్ చూడండి. 2020లో గూగుల్ దీన్ని కొనుక్కుంది. డేటా మీ గూగుల్ షీటులోనే ఉంటుంది, పైన ఫోన్‌లోనూ బ్రౌజర్‌లోనూ నడిచే యాప్ తయారవుతుంది. సిగ్నల్ లేకపోయినా ఎంట్రీ తీసుకుని తర్వాత సింక్ చేస్తుంది. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు పొలాల్లో తిరిగేవాళ్లకు ఇది ముఖ్యం. మైక్రోసాఫ్ట్ లైసెన్సులు ఉన్న ఆఫీసైతే పవర్ ఆప్స్. దీంట్లో ఒక మెలిక ఉంది. కొన్ని రకాల వెతుకులాటల్లో అది మొదటి 500 వరుసలే చూస్తుంది, సెట్టింగ్ మార్చినా 2000 దాటదు. టెస్టింగ్‌లో వంద మంది రైతులతో బ్రహ్మాండంగా నడుస్తుంది, సీజన్‌లో కొందరు రైతులు ‘కనిపించరు’. ఎడిటర్ పసుపు గుర్తుతో హెచ్చరిస్తుంది, ఎవరూ చదవరు. చెన్నైవాళ్ల జోహో క్రియేటర్ 2006 నుంచి ఉంది, మన దగ్గరి చిన్న వ్యాపారాలకు నప్పుతుంది, కాస్త లోతుకు వెళితే దాని సొంత స్క్రిప్టు భాష నేర్చుకోవాలి. సొంత సర్వర్ నడపగల మనిషి దొరికితే ముంబైలో పుట్టిన ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉన్న) టూల్ ఫ్రాపే నాకు వీటన్నిటికంటే ఇష్టం, కానీ మీకు ఇప్పుడే వద్దు. రాత్రి సర్వర్ పడిపోతే లేపడానికి ఎవరూ లేరు కదా. ధరలు, ఉచిత పరిమితులు తరచూ మారుతుంటాయి, ఆయా సైట్లలోనే చూసుకోండి.

ఏది తీసుకున్నా డేటా మొత్తాన్ని ఒక్క నొక్కుతో బయటికి దించుకునే వీలుందా అని మొదటిరోజే పరీక్షించండి. గూగుల్‌వాళ్లదే యాప్ మేకర్ అని ఇంకో టూల్ ఉండేది. 2021 జనవరిలో మూసేశారు. దాని మీద కట్టుకున్న ఆఫీసులు అన్నీ మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది. వారానికోసారి సీఎస్‌వీగా (ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే సాదా ఫైలుగా) దించి ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టండి. తెలుగు పేర్లు ఉంటే ఎక్సెల్‌లో సేవ్ చేసేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ ఎంచుకోవాలి, మామూలు సీఎస్‌వీలో తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. డీటీపీ షాపులో అను ఫాంట్‌లో కొట్టించిన పాత జాబితాలు ఉంటే వాటిని ముందు యూనికోడ్‌లోకి (ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదివే తెలుగులోకి) మార్పించండి. నేరుగా అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి.

మీరు మాత్రమే చేయాల్సిన పని ఇక్కడ మొదలవుతుంది. స్టాఫ్ యాప్ కట్టుకుంటారు, కానీ యాప్ ఉండే చోటు ఆఫీసుది కావాలి. ఎవరి సొంత జీమెయిల్ మీదా యాప్ కట్టనివ్వకండి. ఆ మనిషి మానేసి హిందూపురంలో వేరే ఉద్యోగానికి వెళితే యాప్ కూడా వాళ్ల వెంటే పోతుంది, దానికి వాళ్లను తప్పుపట్టలేం. ఆఫీసు పేరు మీద ఒక అకౌంట్, పాస్‌వర్డ్ మీ దగ్గరా ఓనరు దగ్గరా. ఫీల్డ్‌వాళ్లకు యాప్ ఇవ్వండి, వెనక ఉన్న షీటు షేర్ చేయకండి. స్క్రీన్ మీద కాలమ్ దాచినంత మాత్రాన డేటా దాచినట్టు కాదు. ఎవరికి ఏ వరుసలు వెళ్లాలో టూల్‌లోని సెక్యూరిటీ ఫిల్టర్‌తో కట్టడి చేయాలి. ‘లింక్ ఉన్నవాళ్లెవరైనా చూడొచ్చు’ అన్న సెట్టింగ్ ఎక్కడ కనిపించినా తీసేయండి.

ఇది అతిజాగ్రత్త అనిపిస్తే 2021లో జరిగింది చూడండి. పవర్ ఆప్స్‌తో కట్టిన పోర్టళ్లలో ఒక సెట్టింగ్ మొదటి నుంచీ తెరిచి ఉండటం వల్ల, పెద్ద పెద్ద కంపెనీలు, అమెరికాలోని ప్రభుత్వ శాఖల నుంచి 3 కోట్ల 80 లక్షల రికార్డులు ఎవరైనా చూసేలా బయటపడి ఉన్నాయి. ఎవరూ హ్యాక్ చేయలేదు. కట్టినవాళ్లు ఆ సెట్టింగ్ మార్చలేదు, అంతే. మన దేశంలోనూ 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, డేటా భద్రతలో విఫలమైతే అందులో రాసిన గరిష్ఠ జరిమానా 250 కోట్ల రూపాయలు. మీలాంటి ఆఫీసుకు అంత వేస్తారని భయపెట్టడం లేదు, రైతుల ఫోన్ నంబర్ల జాబితా బయటికి పోతే ముందు వాడుకునేది పక్క డీలరే.

యాప్‌ల జాబితా ఒక పేజీలో పెట్టుకోండి: యాప్ పేరు, ఎవరు కట్టారు, డేటా ఎక్కడుంది, ఎవరు చూడగలరు. ఇవి లేని యాప్ ఆఫీసులో నడవకూడదు. వరుసలు డిలీట్ చేసే బటన్ ఎవరికీ ఇవ్వకండి, ‘రద్దు’ అని స్టేటస్ మార్చితే చాలు. ఎవరు ఎప్పుడు ఎంట్రీ వేశారో ఆటోమేటిక్‌గా పడే రెండు కాలమ్‌లు ప్రతి టేబుల్‌లో ఉండాలి. మార్పులు యాప్ కాపీ మీద చేసి చూసుకుని, సాయంత్రం అసలుదాంట్లో పెట్టాలి.

ఫీల్డ్‌వాళ్ల భయం ఒకటి ఎదురవుతుంది: ‘ఇది మమ్మల్ని కనిపెట్టడానికే కదన్నా?’ మొదటి యాప్‌లో లొకేషన్ పెట్టకండి. పొలం ఎక్కడుందో గుర్తుండటానికి పొలాల టేబుల్‌లో ఒక్కసారి లొకేషన్ తీసుకుంటే చాలు, మనిషి ఎక్కడున్నాడో అక్కర్లేదు. ఓనరు హాజరు కూడా ఇందులోనే కలపమంటారు. కలిపిన రోజు నుంచి ఎంట్రీలు నిజం చెప్పడం మానేస్తాయని ఆయనకు నచ్చచెప్పండి. లేబుళ్లు తెలుగులో పెట్టండి, ఫొటో సైజు తగ్గించండి, మూడు నాలుగు గడులకు మించి తప్పనిసరి చేయకండి.

ఏఐకి చెబితే యాప్ రాసిస్తుంది కదా, ఇదంతా ఎందుకు అని మీ కుర్రాళ్లు అంటారు. రాసిస్తుంది, బాగానే రాస్తుంది. ఆ కోడ్‌ను ఎక్కడ పెట్టాలి, లాగిన్ ఎవరు చూడాలి, డేటాబేస్‌లో ఎవరి వరుసలు ఎవరికి కనిపించాలి అన్న ప్రశ్నలు అప్పుడూ మీ నెత్తినే ఉంటాయి. పైగా ఆ కోడ్ చదివి తప్పు పట్టగలవాళ్లు మీ ఆఫీసులో లేరు. ఫార్ములా రాయించుకోవడానికి, టేబుళ్ల విభజన సరిగ్గా ఉందా అని అడగడానికి వాడుకోమనండి. నిజమైన రైతుల వివరాలు మాత్రం అందులో అతికించవద్దని గట్టిగా చెప్పండి.

ట్రైనింగ్ విషయానికొస్తే, ముప్పై మందినీ కోర్సుకు పంపే డబ్బు మిగుల్చుకోండి. ఇద్దరు చాలు, మహా అయితే ముగ్గురు. వారంలో ఒక పూట వాళ్ల రోజువారీ పని తీసేయమని ఓనరును అడగండి, అసలు ట్రైనింగ్ అదే. టైమ్ ఇవ్వకుండా ‘ఖాళీగా ఉన్నప్పుడు నేర్చుకోండి’ అంటే ఎవరూ నేర్చుకోరు. రెండో యాప్ వాళ్లే అడుగుతారు. బహుశా గోడౌన్ నుంచి సైట్‌కు వెళ్లిన సామాను ఎంత, తిరిగొచ్చింది ఎంత అన్నది. దాన్ని బిల్లుతో కలపకుండా చేయనివ్వండి.

మీ ఫిర్యాదుల షీటు హెడ్డింగుల వరుస ఒక్కటి కింద పెట్టండి. రైతుల పేర్లు, నంబర్లు వద్దు, హెడ్డింగులు చాలు. ఎన్ని టేబుళ్లు అవుతాయో చూసి చెబుతాను.